సీజీఎం సెన్సార్ అంటించుకోవడం: ఎక్కడ, ఎలా, ఏ రీడింగ్ నమ్మకూడదు

సీజీఎం అంటే ఒంటికి అంటుకుని ఉండి షుగర్‌ను ఆగకుండా కొలిచే పరికరం. ఈ సూచనలు ఫ్రీస్టైల్ లిబ్రే, లిబ్రే 2 సెన్సార్లకు. సెన్సార్ బిళ్ల కింద 5 మి.మీ. సన్నటి తీగ చర్మంలోకి దిగి 14 రోజులు ఉంటుంది. చాలా తప్పు రీడింగులకు కారణం అంటించే చోటే.

జబ్బ వెనక మెత్తటి చోటు చూడండి. మీరు ఏ పక్కకు తిరిగి పడుకుంటారో ఆ చెయ్యి వద్దు. ఒంటి బరువుకు సెన్సార్ నొక్కుకుపోతే అర్ధరాత్రి షుగర్ 60 అని చూపించి లిబ్రే 2లో అలారం మోగుతుంది. పక్కకు తిరిగితే కాసేపట్లో మామూలైపోతుంది. మచ్చలున్న చోటు వదిలేయండి. ఇన్సులిన్ వేసుకునే చోటికి కనీసం 2.5 సెం.మీ. దూరం ఉండాలి.

నూనె, క్రీము లేకుండా మామూలు సబ్బుతో కడిగి, స్పిరిట్ స్వాబ్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద అంటిస్తే అంచులు లేచిపోతాయి. అప్లికేటర్ (సెన్సార్‌ను అంటించే పరికరం) మీది ముదురు గీతను సెన్సార్ ప్యాక్ గీతకు కలిపి, గట్టి బల్ల మీద ఆగేదాకా నొక్కి పైకెత్తండి. ఇక సూది బయట ఉన్నట్టే, మూత మళ్లీ పెట్టకండి. చేతికి ఆనించి గట్టిగా నొక్కి, మెల్లగా తీయండి. ఫోన్‌తో స్కాన్ చేసి మొదలుపెట్టాక 60 నిమిషాలకు మొదటి రీడింగ్ వస్తుంది. కాస్త రక్తం కనిపించినా ఫర్వాలేదు, ఆగకపోతే తీసేయండి. మొదటి రోజు అంకెలను బట్టి ఇన్సులిన్ డోసు మార్చకండి.

సెన్సార్ కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ద్రవాన్ని. అందుకే 5–10 నిమిషాలు వెనకబడుతుంది. నడక తర్వాత 95 పక్కన కిందికి బాణం (షుగర్ పడుతోందని గుర్తు) ఉంటే, రక్తంలో అప్పటికే 75 ఉండొచ్చు. చెమటలు, వణుకు ఉంటే వేలు పొడిచి చూసిందే లెక్క. గ్లూకోమీటర్‌తో పోల్చాలంటే భోజనానికి ముందు, బాణం అడ్డంగా (షుగర్ నిలకడగా) ఉన్నప్పుడు పోల్చండి.

సెన్సార్ జ్ఞాపకం 8 గంటలే. పడుకునే ముందు, లేవగానే స్కాన్ చేయకపోతే గ్రాఫ్‌లో ఖాళీ పడొచ్చు. లిబ్రే 2 అలారం బ్లూటూత్‌తో సుమారు 6 మీటర్ల లోపే అందుతుంది. ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చేస్తుంది కాబట్టి ఫోన్‌ను సెన్సార్ ఉన్న పక్కనే పెట్టుకోండి. ఫోన్ బ్యాటరీ సేవర్, లిబ్రే యాప్‌ను ఆపేసినా అలారం మోగదు.

రోజుకు 500 మి.గ్రా. మించి విటమిన్ సి తీసుకుంటే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. అసలు ప్రమాదం ఇదే: షుగర్ పడిపోతున్నా తెలియదు. ఎంఆర్‌ఐ, సీటీ, ఎక్స్‌రేలకు సెన్సార్ తీసేయాల్సి రావచ్చు. తీసింది మళ్లీ పనికిరాదు, కాబట్టి అత్యవసరం కాని స్కాన్ అయితే 14 రోజులు నిండే తేదీకి పెట్టించుకోండి.