యుద్ధకాలంలో ఎగుమతి రుణ బీమా – 3వ పాఠం: ఖజానా ఎంత సిద్ధంగా ఉంచుకోవాలి?

గత పాఠంలో ఒక్క పాలసీని తీసుకుని, కొనుగోలుదారు డబ్బు చెల్లించనప్పుడు బీమా సంస్థ ఎంత భరిస్తుందో, ఎగుమతిదారు తన వాటాగా ఎంత మోయాలో లెక్కగట్టాం. ఇప్పుడు సంస్థ మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని, యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వం దానికి ఎంత నిధి సమకూర్చాలో అంచనా వేద్దాం.

నష్టాలు విడివిడిగా, వేర్వేరు వేళల్లో వస్తాయన్న అంచనా మీదే బీమా నడుస్తుంది. యుద్ధం ఆ అంచనాను చెరిపేస్తుంది. ఓడరేవు మూతపడి, విదేశీ మారక చెల్లింపులు నిలిచిపోయినప్పుడు, డబ్బు కట్టాలన్న ఉద్దేశం పూర్తిగా ఉన్న కొనుగోలుదారులు కూడా అందరితో పాటు ఒకేసారి బాకీ పడతారు. ప్రైవేటు సంస్థలు వెనకాడేది ఇక్కడే. 1914లో బ్రిటన్ ప్రభుత్వం నౌకల యుద్ధ నష్టాల్లో 80 శాతాన్ని పునర్బీమా (బీమా ఇచ్చినవారి నష్టంలో కొంత భాగాన్ని మరొకరు భరించడం) రూపంలో తన మీద వేసుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా యుద్ధ నష్టాల బీమా చట్టం చేసింది. ఎగుమతి రుణాల కోసమే ప్రభుత్వ విభాగాన్ని బ్రిటన్ 1919లో నెలకొల్పింది.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక సంస్థ ఒక్కొక్కటి 100 విలువగల పది ఒప్పందాలకు 90 శాతం బీమా ఇచ్చిందనుకుందాం; అంటే దాని మొత్తం బాధ్యత 900. దాని మీద 2 శాతం చొప్పున వసూలైన ప్రీమియం 18, చేతిలో ఉన్న మూలధనం 150. వీటిలో నాలుగు ఒప్పందాలు యుద్ధం వచ్చిన దేశానికి చెందినవైతే, క్లెయిములు 360. ప్రీమియాన్ని, మూలధనాన్ని పూర్తిగా వాడేసినా ఇంకా 192 తక్కువవుతుంది. ఖజానా వెంటనే ఇవ్వవలసిన నగదు అదే.

చెల్లించిన క్లెయిముల్లో సగం, అంటే 180, కొన్నేళ్ల తరువాత కొనుగోలుదారుల నుంచి వసూలైతే, ప్రీమియం 18 కూడా తీసేశాక చివరికి మిగిలే నష్టం 162. అందులో 150 సంస్థ మూలధనం నుంచి పోయినదే గనక, అదనంగా ఇచ్చిన సొమ్ములో ఖజానా కోల్పోయేది 12 మాత్రమే. 192కీ 12కీ మధ్య ఉన్న ఈ దూరం నష్టం కాదు, సమయం. ఈ తేడాను పట్టించుకోని ప్రభుత్వం సాయాన్ని అవసరానికి మించి ఖరీదైనదిగా భావించి వెనక్కు తగ్గుతుంది, లేదా చివరి నష్టానికి సరిపడా మాత్రమే కేటాయించి, క్లెయిములు చెల్లించవలసిన నెలలో చేతులెత్తేస్తుంది. రెండవది నాకు మరింత ప్రమాదకరంగా తోస్తుంది, ఎందుకంటే చెల్లింపు ఒక్కసారి ఆలస్యమైతే ఆ పాలసీని పూచీగా పెట్టుకుని అప్పిచ్చే బ్యాంకు ఇక దొరకదు.

కాబట్టి ప్రకటనల్లో పెద్ద అంకె కనిపించినప్పుడు, అది బడ్జెట్ నుంచి నిజంగా విడుదలైన నగదా, పెంచిన మూలధనమా, లేక హామీ పరిమితి మాత్రమేనా అని ముందుగా వేరుచేయండి. హామీ పరిమితి అంటే అంతవరకూ బాధ్యత తీసుకోవచ్చన్న అనుమతి. దాని వెనుక నగదు లేకపోవచ్చు.

యుద్ధం ఎగుమతిదారు సొంత దేశంలోనే జరిగితే లెక్క మారిపోతుంది. మామూలు పాలసీ కొనుగోలుదారు చెల్లించకపోవడాన్ని కాస్తుంది. ఇక్కడ కొనుగోలుదారు సిద్ధంగానే ఉంటాడు, దెబ్బతినేది కర్మాగారం. ఉక్రెయిన్ 2018లో నెలకొల్పుకున్న ఎగుమతి రుణ సంస్థ 2022 తరువాత, పెట్టుబడి రుణాలకు యుద్ధ నష్టాల బీమా ఇచ్చే దిశగా సాగడానికి మూలం ఈ అవసరమే. అయితే కర్మాగారాన్నీ ఖజానానూ ఒకే యుద్ధం దెబ్బతీస్తున్నప్పుడు, సొంత ఖజానా ఇచ్చే హామీ బలహీనమే. దేశం బయటి పునర్బీమా గాని, మిత్రదేశాల హామీ గాని తోడైతేనే బ్యాంకు నమ్ముతుంది.

అభ్యాసం: పై లెక్కలో యుద్ధ క్లెయిముల్లో సగాన్ని విదేశీ పునర్బీమాదారు భరిస్తాడనుకుని, వెంటనే కావలసిన నగదును మళ్లీ కట్టండి. పునర్బీమా ప్రీమియాన్ని ప్రస్తుతానికి వదిలేయండి. దాన్ని 4వ పాఠంలో కలుపుకుందాం. మీకు 12 వస్తే లెక్క సరైనదే.