ఇంజినీరింగ్‌తో పాటే బిజినెస్ చదువు: కలిపి చదవాలా, విడిగానా? ఎలా తేల్చుకోవాలి?

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో చాలా ఇళ్లలో వినిపించే లెక్క ఇది: బీటెక్ నాలుగేళ్లు, ఎంబీఏ రెండేళ్లు, మొత్తం ఆరు. రెండూ కలిపిన కోర్సు ఐదేళ్లే. ఎలాగూ ఎంబీఏ చేయిస్తాం కదా, ఏడాది మిగులుతుంది!

మిగిలే మాట నిజమే. కాకపోతే పదిహేడేళ్లకు ఇంటర్ అవగానే వచ్చిన కాలేజీయే రేపు ఎంబీఏ కాలేజీ కూడా అయిపోతుంది. బీటెక్‌లో కాలేజీ పేరు కాస్త తక్కువైనా కోడింగ్‌తోనో, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ర్యాంకుతోనో దాటేయొచ్చు. ఎంబీఏలో అంత సులువు కాదు. అక్కడికొచ్చే కంపెనీలు, తోటి విద్యార్థులు, పాత విద్యార్థుల పరిచయాలే సగం చదువు. అందుకే సంతకం పెట్టే ముందు కింది పనులు వరసగా చేయండి.

1. ఏ దారి గురించి మాట్లాడుతున్నారో విడదీయండి

‘కలిపి చదవడం’ అంటే ఒకటే కోర్సు కాదు. అన్నిటికంటే చిన్నది ఒకటో రెండో ఎలక్టివ్‌లు, అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టులు. తర్వాత బీటెక్‌లోనే మేనేజ్‌మెంట్ మైనర్, అంటే బ్రాంచితో పాటు చదివే చిన్న అదనపు కోర్సు: మామూలు 160 క్రెడిట్ల (సబ్జెక్టులకు ఇచ్చే పాయింట్ల) మీద అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు. ఆపైన ఐదేళ్ల జంట డిగ్రీలు. ముంబయి ఎన్ఎంఐఎంఎస్‌లో ఎంబీఏ టెక్ ఇలాంటిదే. బిట్స్ పిలానీ పద్ధతి వేరు. అక్కడ ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌లో చేరినవాళ్లకు మొదటి ఏడాది సీజీపీఏను (గ్రేడ్ల సగటును) బట్టి రెండో డిగ్రీగా ఇంజినీరింగ్ బ్రాంచి ఇస్తారు. చివరిది, బీటెక్ పూర్తిచేసి ఉద్యోగం చేశాక విడిగా ఎంబీఏ.

2022లో యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతిచ్చింది కాబట్టి, బీటెక్ చదువుతూ దూరవిద్యలో బీకామో బీబీఏనో చేయడం కూడా ఇప్పుడు సాధ్యమే. పరీక్షల తేదీలు ఢీకొంటే సర్దుకోవాల్సింది మాత్రం మీరే.

2. బిజినెస్ అంటే నిజంగా ఇష్టమేనా? కర్రీ పాయింట్‌తో తేల్చండి

‘మేనేజర్ అవ్వాలి’ అనుకోవడం వేరు, బిజినెస్ చదువులో రోజూ చేసే పని మీద ఆసక్తి ఉండటం వేరు. తేడా తెలియాలంటే ఒక కాగితం చాలు.

వీధి చివరి కర్రీ పాయింట్ తీసుకుందాం. అద్దె 18,000, ఇద్దరి జీతాలు 30,000, గ్యాసు, కరెంటు 6,000. అమ్మినా అమ్మకపోయినా నెలకు 54,000 ఖర్చు ఖాయం అనుకుందాం. కూర ప్యాకెట్ 40 రూపాయలు, సరుకు, కవరు కలిపి 22. ప్యాకెట్‌కు మిగిలేది 18. అంటే నెలకు 3,000 ప్యాకెట్లు, రోజుకు నూరు అమ్మితే గానీ నష్టం తప్పదు. ఎదురుగా ఇంకొకరు షాపు తెరిచారని ధర 35కు దించారనుకోండి. మిగిలేది 13కి పడిపోతుంది. ఇప్పుడు రోజుకు 139 ప్యాకెట్లు అమ్మాలి. అయిదు రూపాయలు తగ్గించినందుకు దాదాపు నలభై శాతం ఎక్కువ కూర వండాలి!

ఇక్కడితో ఆపి మిమ్మల్ని మీరు గమనించుకోండి. ‘మరి ధర తగ్గించకుండా అన్నం కూడా కలిపి అమ్మితే?’ అన్న ప్రశ్న దానంతటదే పుట్టిందా? అయితే మీకు ఈ చదువు పడుతుంది. ఆవులింత వచ్చిందా? అదీ జవాబే.

ఇప్పటికే బీటెక్‌లో ఉన్నవాళ్లకు ఇంకో కొలబద్ద ఉంది: జేఎన్‌టీయూ సిలబస్‌లో ఉండే మెఫా (మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్). దాన్ని పరీక్ష ముందు రాత్రి ఆలిన్‌వన్ గైడు తిరగేసి గట్టెక్కించి, ఎంబీఏ మీద మాత్రం మోజు పెంచుకునేవాళ్లు తక్కువేం కాదు. బ్రేక్ ఈవెన్ (పైన కర్రీ పాయింట్‌కు వేసిన లెక్క), డిప్రిసియేషన్ (వాడేకొద్దీ ఆస్తి విలువ తగ్గడం), నిష్పత్తులు అన్నీ అందులోనివే. అది విసుగనిపిస్తే ఎంబీఏ మొదటి ఏడాది అంతకు పదింతల విసుగు.

3. మైనర్ తీసుకుంటే గంటలు ఎక్కడివో లెక్కేయండి

160 క్రెడిట్లను ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సెమిస్టర్‌కు ఇరవై. అంటే మైనర్ అడిగే 18–20 క్రెడిట్లు దాదాపు ఒక పూర్తి సెమిస్టర్ చదువు. దాన్ని అదనపు సమయం లేకుండా మూడు నాలుగు సెమిస్టర్లలో ఇరికించాలి.

కాగితం మీద వారానికి ఐదారు గంటలే కనిపిస్తాయి. నిజంగా జరిగేది వేరు. మధ్యాహ్నమంతా ల్యాబ్, మైనర్ క్లాసు నాలుగున్నరకు, కాలేజీ బస్సు నాలుగుంపావుకే వెళ్లిపోతుంది. పేరు ఇచ్చే ముందు మీ బ్రాంచి సీనియర్‌ను వెతికి అయిదో సెమిస్టర్ టైమ్‌టేబుల్ చూపించమనండి. వేరే బ్రాంచివాళ్లది చూస్తే లాభం లేదు, ల్యాబ్ రోజులు మారిపోతాయి.

కొన్ని కాలేజీలు ఈ క్రెడిట్లను ఎన్‌పీటెల్ (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాలు) కోర్సులతో నింపనిస్తాయి. పన్నెండు వారాల కోర్సులో అసైన్‌మెంట్లకు 25 (పన్నెండింట్లో మంచి ఎనిమిదింటి సగటు), పరీక్షకు 75. సర్టిఫికెట్ కావాలంటే మొదటిదాంట్లో కనీసం 10, రెండోదాంట్లో కనీసం 30 రావాలి. మొత్తం కలిపి నలభై దాటితే చాలనుకుని అసైన్‌మెంట్లు వదిలేసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కోర్సులో చేరడం ఉచితం, పరీక్షకు మాత్రం విడిగా ఫీజు కట్టి రిజిస్టర్ చేసుకోవాలి. ఆ గడువు దాటితే సెమిస్టర్ పోయినట్టే. ఇంకో మాట: మీ యూనివర్సిటీ ఆమోదించిన జాబితాలో ఆ కోర్సు ఉందో లేదో చేరకముందే చూడండి, చేరాక కాదు.

మైనర్ మొదలుపెట్టడానికి బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) ఉండకూడదనే షరతు చాలాచోట్ల ఉంటుంది. థర్మోడైనమిక్స్ లాంటి సబ్జెక్టు ఇప్పటికే మెడ మీద ఉంటే మైనర్ ఆలోచన పక్కన పెట్టండి.

4. ఐదేళ్ల కోర్సయితే ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి

నాలుగేళ్లకే బయటికి వస్తే బీటెక్ పట్టా ఇస్తారా? ఇది మొదటి ప్రశ్న, అన్నిటికంటే ముఖ్యమైనది. రెండు పట్టాలు విడివిడిగా వస్తాయా, ఒకే సర్టిఫికెటా? గేట్ ద్వారా ఎంటెక్, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలు అనుకునేవాళ్లకు బీటెక్ స్పష్టంగా కనిపించే కాగితం ఉండాలి. నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్లలో కూర్చోనిస్తారా, అయిదో ఏడాదేనా? అయిదో ఏడాదయితే పోయినేడాది ఆ బ్యాచ్‌కు వచ్చిన కంపెనీల పేర్లు, ఇచ్చిన హోదాలు అడగండి. ‘సగటు ప్యాకేజీ’ చెప్పి తప్పించుకుంటే మధ్యస్థం (జీతాలను వరసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండేది) అడగండి. ఒకరిద్దరి పెద్ద జీతాలు సగటును ఎక్కడికో లాక్కెళ్తాయి.

అప్పు చేసి చదివించేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. ఏడాదికి 4 లక్షల చొప్పున ఐదేళ్లు, 10.5 శాతం వడ్డీ అనుకుందాం. అసలు 20 లక్షలు. ప్రతి ఏడాది మొదట్లో డబ్బు విడుదలైతే, చదువు అయ్యేసరికి సాధారణ వడ్డీయే 6 లక్షల 30 వేలు పేరుకుంటుంది. అదీ కలుపుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 35,500 ఈఎంఐ. చదువుతుండగానే వడ్డీ కట్టుకుంటూ వస్తే అదే ఈఎంఐ 27,000కు దిగుతుంది. ఆ కాలేజీలో వచ్చే మధ్యస్థ జీతాన్ని ఈ అంకె పక్కన పెట్టి చూడండి. చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటితే ఆ సీటు మీకు ఖరీదెక్కువ.

5. ‘తర్వాత చూద్దాం’ అనుకున్నా ఇప్పుడే కాపాడుకోవాల్సినవి

విడిగా ఎంబీఏ చేద్దామనుకునేవాళ్లకు ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ ఉంది, రాష్ట్రంలోని కాలేజీలకు ఐసెట్ ఉంది. క్యాట్ రాయడానికి డిగ్రీలో 50 శాతం చాలు, చివరి ఏడాదివాళ్లూ రాయొచ్చు. అయితే చాలా ఐఐఎంలు క్యాట్ పర్సంటైల్ (ఎంత శాతం మందిని దాటారో చెప్పే అంకె) ఒక్కటే చూడవు, పది, ఇంటర్, డిగ్రీ మార్కులు కూడా కలిపి చూస్తాయి. మైనర్ బరువుతో బీటెక్ సీజీపీఏ కిందికి జారితే, ఏ ఎంబీఏ కోసం మైనర్ చేశారో దాని తలుపే కాస్త మూసుకుంటుంది. హైదరాబాద్ ఐఎస్‌బీలో ఎంబీఏ లాంటి ఏడాది కోర్సు పీజీపీకి రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. బీటెక్ అవగానే ఉద్యోగంలో చేరడం అక్కడ లాభమే.

అమెరికా వెళ్లే ఉద్దేశం ఉంటే కోర్సు పేరు కంటే దాని సీఐపీ కోడ్ (అక్కడి ప్రభుత్వం కోర్సులను విభజించే అంకె) చూడాలి. మామూలు ఎంబీఏ 52.0201 కింద వస్తుంది, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు. ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ 15.1501, అది జాబితాలో ఉంది. ఇప్పుడున్న నిబంధనల్లో మొదటిదానికి 12 నెలల ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగం అక్కడ చేసుకునే అనుమతి) మాత్రమే, రెండోదానికి మరో 24 నెలలు పొడిగింపు అడిగే వీలుంది. కొన్ని యూనివర్సిటీలు ఎంబీఏనే స్టెమ్ కోడ్ కింద నడుపుతాయి. అందుకే దరఖాస్తు ఫీజు కట్టేముందు డిపార్ట్‌మెంటుకు మెయిల్ పెట్టి, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఏ కోడ్ వేస్తారో అడగండి. జవాబులో అంకె రాకపోతే మళ్లీ అడగండి.