బట్టను చూసే కన్ను – 4వ పాఠం: చార బట్టలో ఉందా, కెమెరాలో ఉందా?

ముందు గత పాఠం లెక్క సరిచూసుకుందాం. 100 గజాల పొడవు, 60 అంగుళాల పన్నా ఉన్న రోల్‌లో లోపాలకి వేసే పాయింట్లు 28 పడ్డాయి, 100 చదరపు గజాలకు ఎన్ని అని అడిగాను. 28ని 3600తో హెచ్చవేసి, 100ని 60తో హెచ్చవేయగా వచ్చిన దానితో భాగించాలి. జవాబు 16.8. మామూలుగా 40 దాటితేనే రోల్‌ని పక్కన పెడతారు కాబట్టి ఇది పాసయినట్టే. ఆ 3600 ఎక్కడిదో తెలిస్తే సూత్రం బట్టీ పట్టక్కర్లేదు. గజానికి 36 అంగుళాలు, లెక్క కట్టేది 100 చదరపు గజాలకు. ఆ రెండింటి లబ్ధమే అది.

ఇప్పటిదాకా మనిషి కంటితోనే చూశాం. ఈ రోజు ఆ పని కెమెరాకి అప్పగిస్తున్నాం. తెల్లారకుండానే గాజువాకలో బస్సెక్కి అచ్యుతాపురం, దువ్వాడ వైపు బట్టల కంపెనీలకి వెళ్ళే పిల్లలు చాలామంది ఈ పాఠాలు చదువుతున్నారని తెలుసు. మీలో కొందరు రేపు ఈ మెషిన్ ముందు కూర్చుంటారు. స్క్రీన్ మీద ఎర్రగీత పడగానే "డిఫెక్ట్" అని రాసేయడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ఆ ఎర్రగీత నిజమా కాదా అని తేల్చడమే అసలు విద్య. ఈ పాఠమంతా దాని గురించే.

ఒక్క గీత మాత్రమే చూసే కెమెరా

జిరాక్స్ షాపులో కాగితం గాజు మీద బోర్లా పెడతారు. కింద ఒక వెలుగుపట్టీ మెల్లగా అటునుంచి ఇటు జరుగుతుంది. అది కాగితాన్ని ఒకేసారి మొత్తం చూడదు. సన్నని గీతంత చోటు చూస్తుంది, జరుగుతుంది, మళ్ళీ గీతంత చూస్తుంది. ఆ గీతలన్నీ ఒకదాని కింద ఒకటి పేరిస్తే బొమ్మ అవుతుంది. బట్ట చూసే కెమెరా కూడా ఇదే పని చేస్తుంది. తేడా ఒక్కటే. ఇక్కడ కన్ను కదలదు, బట్ట కదులుతుంది. దీన్నే లైన్ స్కాన్ కెమెరా అంటారు.

ఈ ఎలక్ట్రానిక్ కన్నుకు మూలం 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన సీసీడీ అనే చిప్. దానికి 2009లో వాళ్ళకి ఫిజిక్స్ నోబెల్‌లో వాటా దక్కింది. చరిత్ర ఇంతవరకు చాలు. లెక్కలోకి వద్దాం.

60 అంగుళాల పన్నా అంటే సుమారు 152 సెంటీమీటర్లు. రెండు అంచులూ పూర్తిగా కనపడాలి కాబట్టి కెమెరా చూపుని 160 సెంటీమీటర్లకు పెడతాం. కెమెరాలో ఒక వరుసకి 4096 పిక్సెళ్ళు, అంటే చుక్కలు, ఉన్నాయనుకోండి. 1600 మిల్లీమీటర్లని 4096తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ వాటాకి 0.39 మిల్లీమీటరు బట్ట వస్తుంది. ఈ అంకెని గోడ మీద రాసిపెట్టుకోండి, ఈ పాఠంలో అన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇక వేగం. బట్ట నిమిషానికి 60 మీటర్లు నడిస్తే సెకనుకి 1000 మిల్లీమీటర్లు. పిక్సెల్ అడ్డంగా 0.39 చూస్తోంది కాబట్టి నిలువునా అంతే చూడాలి, లేకపోతే బొమ్మ సాగుతుంది. 1000ని 0.39తో భాగిస్తే సెకనుకి సుమారు 2560 గీతలు. ఈ లెక్కన 100 మీటర్ల రోల్ ఒక్కదానికి దాదాపు 105 కోట్ల చుక్కలు. మనిషి కన్ను ఎందుకు అలిసిపోతుందో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

మరి 0.39 పిక్సెల్‌తో ఎంత చిన్న లోపం దొరుకుతుంది? మచ్చయితే కనీసం మూడు పిక్సెళ్ళ మేర ఉండాలని పెట్టుకోండి. అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్న చుక్కల విషయంలో కెమెరాని నమ్మను. పోగు తెగిన చోటి కథ వేరు. 40 నంబరు నూలు పోగు లావు సుమారు 0.14 మిల్లీమీటరు, పిక్సెల్‌లో సగం కూడా లేదు. అయినా వెనకనుంచి లైటు వేస్తే, పోగు లేని సందులోంచి వెలుగు చొరబడి ఆ పిక్సెల్ పక్కవాటికన్నా కాస్త తెల్లబడుతుంది. ఆ కాస్త తేడాయే వెయ్యి గీతల్లో వరసగా అదే చోట కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. సన్నదైనా పొడుగ్గా ఉన్న లోపం దొరికిపోతుంది.

నా మూడు రోల్స్

ఈ పనిలో చేరిన కొత్తలో, ఊరి శివారున ఒక చిన్న యూనిట్‌లో మెషిన్ నడపడానికి నన్ను పెట్టారు. రెండో రోజే తెల్లటి కాటన్ పాప్లిన్‌లో అడ్డచారలు మొదలయ్యాయి. సెంటీమీటరుకి ఒకటి, గీసినట్టు వరసగా. వెఫ్ట్ బార్ అనుకున్నాను. నేత దగ్గర పేక పోగు, అంటే అడ్డపోగు, ఒక చోట ఒత్తుగా, ఒక చోట పలచగా పడితే అలాగే ఉంటుంది మరి. ఒకటి తరవాత ఒకటి మూడు రోల్స్ పక్కన పెట్టించాను.

అక్కడ పాతికేళ్ళుగా చెకింగ్ చేస్తున్న ఆవిడ ఉండేది, అందరం పిన్నీ అనేవాళ్ళం. రోల్ కొస లాగి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకి ఎత్తి పట్టింది. గోరుతో నిలువునా గీరింది. భూతద్దం పెట్టి పోగులు రెండు చోట్ల లెక్కపెట్టింది. "ఏటి బాబూ, ఈ బట్టలో చారలు నేవు. నీ పెట్టిలోనే ఉన్నాయి" అంది.

నేను ఒప్పుకోలేదు. స్క్రీన్ చూపించాను. అప్పుడు ఆవిడ నేను చూడనిది చూసింది. చారలు ఎడమ అంచు దగ్గర బాగా ముదురుగా ఉన్నాయి, కుడికి వెళ్ళేకొద్దీ పలచబడుతున్నాయి. ఎడమవైపు ప్యాకింగ్ బల్ల, దాని మీద పాతకాలం చోక్ ఉన్న ట్యూబ్‌లైటు. అట్టపెట్టె మూత ఒకటి చింపి, ఆ లైటుకీ బట్టకీ మధ్య అడ్డం పెట్టింది. స్క్రీన్ మీద చారలు ఒక్కసారిగా పోయాయి. తీసింది, వచ్చాయి. పెట్టింది, పోయాయి.

మన ఇళ్ళకి వచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. అలాంటి ట్యూబ్‌లైటు ఒక్కో మార్పుకి రెండుసార్లు, అంటే సెకనుకి 100 సార్లు, వెలుగు పెరిగి తగ్గుతుంది. మన కంటికి తెలియదు. సెకనుకి 2560 గీతలు చూసే కెమెరాకి మాత్రం ప్రతి 25, 26 గీతలకీ ఒక వెలుగు, ఒక నీడ కనిపిస్తాయి. బట్ట సెకనుకి 1000 మిల్లీమీటర్లు నడుస్తుంటే 100తో భాగించండి. 10 మిల్లీమీటర్లు. సరిగ్గా సెంటీమీటరు. నా మూడు రోల్స్‌లో ఏ లోపమూ లేదు.

ఇందులోంచి ఒక పరీక్ష పుట్టింది, దీన్ని చేతి వేళ్ళంత దగ్గరగా ఉంచుకోండి. అడ్డచారలు కనపడగానే మెషిన్ వేగం సగానికి తగ్గించండి. నిమిషానికి 30 మీటర్లయితే లైటు చారల మధ్య దూరం 5 మిల్లీమీటర్లకు దిగిపోతుంది. నేతలోని చారకి మీ మెషిన్ వేగంతో పనిలేదు. అది మగ్గం మీదే పుట్టింది, ఎంత వేగంగా నడిపినా అంతే దూరంలో ఉంటుంది. దూరం మారితే వెతకాల్సింది లైటులో, మారకపోతే బట్టలో.

నిలువు చారలు

అడ్డచార కాలంలో వచ్చిన తేడా అయితే, నిలువు చార చోటులో వచ్చిన తేడా. కెమెరా అద్దం మీద గానీ, లైటు గాజు మీద గానీ నూలు దుమ్ము ఒక్క పీచు అంటుకుంటే దాని కింది పిక్సెల్ ప్రతి గీతలోనూ మసకబారుతుంది. 2560 గీతలూ పేరిస్తే ఆ మసక నిలువుగా సాగి, ముందునుంచి లైటు వేసినప్పుడు పడుగు పోగు, అంటే నిలువు పోగు, తెగిన మిస్సింగ్ ఎండ్‌లా కనిపిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి బట్ట అంచు సాయం తీసుకోండి. నడిచేటప్పుడు బట్ట కాస్త అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. పడుగులో నిజంగా లోపముంటే అది అంచుతోపాటే జరుగుతుంది, అంచునుంచి దాని దూరం మారదు. దుమ్ము వల్ల వచ్చిన చార పిక్సెల్ నంబరు వదలదు. అంచు జరిగినా అది అక్కడే నిలబడి ఉంటుంది. స్క్రీన్ మీద రెండు చోట్ల అంచునుంచి దూరం కొలవండి, తేలిపోతుంది.

మన విశాఖలో ఇంకో చిక్కు ఉంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఏసీ గదిలో చల్లబడిన అద్దానికి, తలుపు తీయగానే బయటి తేమగాలి తగిలి ఆవిరి పడుతుంది. అప్పుడు చార రాదు, బొమ్మ మొత్తం పాలిపోతుంది, సన్నని లోపాలు కలిసిపోతాయి. తేమకి దుమ్ము కూడా గట్టిగా అంటుకుంటుంది. వానాకాలంలో షిఫ్ట్ మొదట్లోనే కాకుండా, తలుపు బార్లా తీసి రోల్స్ లోపలికి తెచ్చిన ప్రతిసారీ అద్దం చూసుకోవడం నా అలవాటు.

నేతే కెమెరాని మోసం చేసినప్పుడు

ఇది కాస్త కష్టమైన భాగం, రెండుసార్లు చదవండి. అంగుళానికి 60 పడుగు పోగులున్న బట్ట తీసుకుందాం. అంగుళం 25.4 మిల్లీమీటర్లు, 60తో భాగిస్తే పోగుకీ పోగుకీ మధ్య 0.42. మన పిక్సెల్ 0.39. రెండూ దాదాపు ఒకటే, కానీ ఒకటి కాదు. మొదటి పిక్సెల్ పోగు నడుమ పడుతుంది, రెండోది కాస్త పక్కకి, మూడోది ఇంకాస్త, అలా జరిగి జరిగి ఒకటి సరిగ్గా సందు మీద పడుతుంది, మళ్ళీ పోగు మీదకి వస్తుంది. పోగు మీద ఒక వెలుగు, సందు మీద ఒక వెలుగు. ఈ చక్రం ఎంత దూరానికి తిరిగొస్తుందో లెక్క కడితే సుమారు 5 మిల్లీమీటర్లు. అంటే ఏ లోపమూ లేని బట్టలో ప్రతి అరసెంటీమీటరుకీ ఒక మసక నిలువు చార. దోమతెర రెండు మడతలుగా పడినచోట అలలు అలలుగా కనపడుతుంది చూశారా, అదే ఇది. దీన్ని మోయిరే అంటారు.

మందు రెండు రకాలు. ఒకటి, 8192 పిక్సెళ్ళ కెమెరా. పిక్సెల్ 0.195కి దిగుతుంది, పోగుకి రెండు పిక్సెళ్ళకు పైనే దొరుకుతాయి. పోగుకి రెండన్నా ఉండాలన్నది కనీస నియమం. రెండోది, ఖర్చు లేనిది, లెన్స్ ఫోకస్‌ని ఒక్క వెంట్రుకవాసి తప్పించడం. పోగులు కలిసిపోయి బట్ట నున్నగా కనపడుతుంది, చారలు పోతాయి. దానికి మూల్యంగా చిన్న లోపాలు కూడా కొన్ని కలిసిపోతాయి. పెద్ద మచ్చలు, చిరుగులు మాత్రమే చూడాల్సిన చోట రెండోది చాలు. షర్టు గుడ్డకయితే నేను మొదటిదే అడుగుతాను.

ఒక్కమాట, చార నిజంగానే బట్టలో ఉన్నా ప్రతి చారా లోపం కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికిన నూలుతో ఖద్దరు నేస్తారు. చేతి నూలు కాబట్టి పోగు ఒక చోట కాస్త లావుగా, ఒక చోట సన్నగా వస్తుంది. పాప్లిన్‌కి పెట్టిన కొలతలతోనే మెషిన్ ఆ ఖద్దరుని చూస్తే గజగజానికీ ఎర్రగీతలు పెడుతుంది. అక్కడ తప్పు బట్టది కాదు, కొలత పెట్టినవాళ్ళది.

గీతలు లెక్కపెట్టే చక్రం

బట్ట ఎంత నడిచిందో కెమెరాకి చెప్పేది ఎన్‌కోడర్. రోలర్‌కి ఆనుకుని తిరిగే చిన్న చక్రం అది, ప్రతి 0.39 మిల్లీమీటరుకీ "ఇంకో గీత చూడు" అని కెమెరాకి సైగ పంపుతుంది. అది జారితే సైగలు తగ్గి బొమ్మ కుదించుకుపోతుంది, రోల్ పొడవు కూడా తక్కువ చూపిస్తుంది. సరిచూడటం తేలిక. 10 సెంటీమీటర్ల చదరపు కాగితం ఒకటి బట్టకి అంటించి నడపండి. స్క్రీన్ మీద అడ్డం 256 పిక్సెళ్ళు, నిలువు 256 గీతలు రావాలి. నిలువు తగ్గితే చక్రం రబ్బరు అరిగిందో, నూనె అంటిందో చూడండి.

ఇంట్లో చేయాల్సింది

దీనికి మెషిన్ అక్కర్లేదు. ఇంట్లోనో, తెలిసిన నెట్ సెంటర్‌లోనో ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే చాలు, అదీ ఒక్కో గీతా చూసే కన్నే. నేత బాగా కనపడే లుంగీ గానీ, చేనేత తువ్వాలు గానీ మడత లేకుండా పరవండి. ముందు 75 డీపీఐలో (అంగుళానికి 75 చుక్కలు), తరవాత 300 డీపీఐలో స్కాన్ చేయండి. మొదటిదాంట్లో పిక్సెల్ 0.34 మిల్లీమీటరు, రెండోదాంట్లో 0.085. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని అలలు ఏవైనా కనిపిస్తే వాటి మధ్య దూరం కొలిచి రాసుకోండి. తరవాత తువ్వాలుని కొద్దిగా ఏటవాలుగా తిప్పి మళ్ళీ 75లో స్కాన్ చేయండి. తువ్వాలు తిరిగినంతే కాకుండా, పోగులతో పోలిస్తే అలలు దిక్కు మార్చుకుంటే అవి బట్టవి కావు.

ఆ పైన ఒక పోగు సూదితో లాగి తీసేసి, తువ్వాలు వెనక ఒకసారి తెల్ల కాగితం, ఒకసారి నల్ల కాగితం పెట్టి 300లో స్కాన్ చేయండి. పోగు తీసిన చోటు ఏ కాగితంతో బాగా తేలిందో గమనించండి. ఆ రెండు బొమ్మలూ చెరపకుండా ఉంచండి. పక్కనున్న బట్టకన్నా ఎంత తేడా ఉంటే లోపం అనాలి, ఎంత ఉంటే వదిలేయాలి అన్న గీటు వచ్చే పాఠంలో వాటిమీదే గీద్దాం.