రోల్ కేజ్‌కి బలం పెంచే ముందు దాని కాళ్ల కింద ఏముందో చూడండి

పోయిన నెల ట్రాక్ డేలో నా కళ్లెదుటే ఒక హ్యాచ్‌బ్యాక్ మలుపులో అదుపు తప్పి గడ్డిలోకి జారింది. చక్రం మట్టిలో దిగబడి కారు బోల్తా కొట్టింది. డ్రైవర్ తనంతట తనే బయటికొచ్చాడు. మెడ పట్టేసింది, అంతకు మించి ఏం కాలేదు. సాయంత్రం ఆ కారును ట్రైలర్ ఎక్కిస్తుంటే లోపలికి వంగి చూశాను. రోల్ కేజ్ అంటే బోల్తాలో పైకప్పు నలిగి మీద పడకుండా కారు లోపల బిగించే ఉక్కు పైపుల చట్రం. ఆ కేజ్ పైపు ఒక్కటీ వంగలేదు. ఒక్క వెల్డింగూ విడలేదు. కానీ డ్రైవర్ వెనకాల తల మీదుగా వంపు తిరిగే పెద్ద పైపు (మెయిన్ హూప్) కాలు ఫ్లోర్ రేకును చీల్చుకుని నాలుగు వేళ్ల మేర కిందికి దిగిపోయింది. చిరిగిన రేకు అంచులు కాలి చుట్టూ కిందికి మడుచుకుని ఉన్నాయి. కాలు ఎంత దిగిందో తల మీది పైపూ అంత దిగింది. ఆ అబ్బాయి పొట్టి కాబట్టి హెల్మెట్‌కీ పైపుకీ మధ్య కాస్త సందు మిగిలింది.

ఆ కేజ్‌కి సీజన్ ముందే డోర్ బార్లు (తలుపు పక్కన వచ్చే పైపులు) వేయించారు, ఇంకో డయాగనల్ (ఐమూలగా వచ్చే పైపు) కూడా పెట్టించారు. డబ్బూ శ్రమా అంతా పైపులకే పోయింది. కాళ్ల కింద మాత్రం పాత వాషర్లే ఉన్నాయి.

ఇలాంటిది నేను చూడటం మొదటిసారి కాదు. బోల్ట్-ఇన్ కేజ్ (కారుకి బోల్టులతో బిగించేది) గట్టి చేయాలనగానే అందరి చూపూ పైపుల మీదికే వెళ్తుంది. కొత్త సీజన్‌కి కేజ్ సిద్ధం చేసుకుంటున్నవాళ్లకి హెల్మెట్, బెల్టుల సంగతి నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే, మళ్లీ మళ్లీ చెప్తాను: ముందు కాళ్లు చూడండి.

కాళ్లు

మామూలు కారు ఫ్లోర్ రేకు మందం 1 మి.మీ. అటూ ఇటూ. కారు తలకిందులైనప్పుడు బరువంతా నాలుగు కాళ్ల మీదా సమానంగా పడదు. ముందు ఒక మూల నేలకి తగులుతుంది, ఆ దెబ్బంతా ఒకటి రెండు కాళ్ల మీదే పడుతుంది. పైపు ఎంత గట్టిదైతే కాలు రేకును అంత సూటిగా పొడుస్తుంది. అంటే కాళ్ల సంగతి చూడకుండా పైపులు పెంచితే బలహీనమైన చోటు మీదికే భారమంతా తోసినట్టు.

ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ) నిబంధనల్లో, అపెండిక్స్ జే 253వ ఆర్టికల్‌లో దీనికి కొలతలున్నాయి. మెయిన్ హూప్, ముందు కాళ్లకి ఒక్కో కాలికి కనీసం 3 బోల్టులు ఉండాలి. కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. వైశాల్యం ఉన్న ఉక్కు ప్లేటు కావాలి, అది బాడీకి వెల్డ్ అయి ఉండాలి. 120 చదరపు సెం.మీ. అంటే 12 × 10 సెం.మీ. ముక్క. మెయిన్ హూప్ నుంచి వెనక్కి దిగే ఆసరా పైపులకి (బ్యాక్ స్టేలు) ఒక్కో కాలికి కనీసం 2 బోల్టులు, కాలి వైశాల్యం 60 చదరపు సెం.మీ. ఇవన్నీ కనీస కొలతలు. మీరు పాల్గొనే పోటీ రూల్ బుక్ ఇంతకంటే ఎక్కువ అడిగితే దాన్నే పాటించండి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ప్లేటును ఫ్లోర్ కింద పెట్టి, పైనుంచి బోల్టులు దించి, నట్లు బిగించి అయిపోయిందనుకుంటారు. బోల్టులకు వేలాడే ప్లేటు కాలు పైకి లేవకుండా ఆపుతుంది. బోల్తాలో కాలు వెళ్లేది కిందికి. అప్పుడు కాలు రేకును చీల్చుకుని ఆ ప్లేటును కూడా తనతో తీసుకుపోతుంది. అందుకని అసలు ప్లేటు ఫ్లోర్ పైన, కాలి కింద ఉండాలి. చుట్టూ వెల్డ్ అయి ఉండాలి. అడుగున కూడా ఇంకో ప్లేటు పెడితే మంచిదే, కానీ అది పైదానికి బదులు కాదు.

ప్లేటును చదునైన ఫ్లోర్ మధ్యలో వదిలేయొద్దు. అంచును ఎల్ ఆకారంలో మడిచి తలుపు కింది సిల్ గోడ మీదికి ఎక్కించండి. సిల్ పెట్టెలా మూసుకుని ఉంటుంది కాబట్టి అది భారం మోస్తుంది, చదును రేకు మోయలేదు. వెల్డింగ్ కూడా ఏకబిగిన లాగొద్దు. కొంచెం ఇక్కడ, కొంచెం ఎదురుగా వేసుకుంటూ పోకపోతే పల్చటి రేకు కాలిపోయి చిల్లులు పడుతుంది.

ఇంకో మాట. కాళ్లు కూర్చునే చోట కార్పెట్ తీస్తారు గానీ దాని కింద నల్లగా అతుక్కుని ఉండే సౌండ్ ప్యాడ్‌ను వదిలేస్తారు. అది తారులాంటిది. ఎండకి మెత్తబడి నలిగిపోతుంది, నలిగినంత మేరా బోల్టు బిగింపు సడలుతుంది. గట్టిగా బిగించి వెళ్లిన బోల్టు నెల తర్వాత చేత్తో తిరగడం చూశాను. గీరి గీరి తెల్లటి లోహం కనబడేదాకా తీయండి. తీశాక స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. లోపలికి దిగితే అది తుప్పు. తుప్పు రేకు మీద ఎంత పెద్ద ప్లేటు వేసినా దండగ, ముందు ఆ భాగం కోసేసి కొత్త రేకు వేయించండి.

బోల్టులు

కనీసం ఎమ్8 (8 మి.మీ. లావు), తల మీద 8.8 అని బలం గ్రేడు అచ్చు ఉండాలి. తళతళలాడుతుందని స్టెయిన్‌లెస్ బోల్టు వేయొద్దు. మామూలుగా దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్, 8.8 కంటే బలహీనం. రెండు ముక్కలు కలిసే చోట బోల్టు మీద మరలు పడకూడదు, నున్నటి ఒళ్లు పడాలి. మరలున్న చోట బోల్టు సన్నం, కోసుకుపోయేది అక్కడే. నైలాక్ నట్టు (సడలకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) ఒక్కసారి విప్పితే పక్కన పడేసి కొత్తది వేయండి. టార్క్ రెంచ్‌తో బిగించి, నట్టు మీదా ప్లేటు మీదా కలిసేలా పెయింట్ గీత గీయండి. మొదటి సెషన్ అయ్యాక ఆ గీత కదిలిందేమో చూడండి.

పైపులు

ముందు ఒక ప్రశ్న: మీ కేజ్‌కి హోమోలోగేషన్ (పోటీ సంస్థ అధికారిక ఆమోదం) గానీ సర్టిఫికెట్ గానీ ఉందా? ఉంటే దాని మీద వెల్డింగ్ పెట్టినా, చిల్లు వేసినా ఎఫ్‌ఐఏ లెక్కలో అది మార్పు కిందికే వస్తుంది, ఆ మార్పు నిషిద్ధం. బోల్టులతో బిగించే అదనపు బార్లు ఉన్నాయేమో తయారీదారునే అడగండి.

సొంతంగా చేయించుకునే కేజ్ అయితే, మెయిన్ హూప్‌కి 45 × 2.5 లేదా 50 × 2.0 మి.మీ. (బయటి వ్యాసం × గోడ మందం), మిగతా వాటికి 38 × 2.5 లేదా 40 × 2.0 మి.మీ. కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ (వేడి చేయకుండా లాగి, అతుకు లేకుండా చేసిన) కార్బన్ స్టీల్ అని ఎఫ్‌ఐఏ చెప్తుంది. నీళ్ల పైపు వద్దు. గ్యాస్ పైపు వద్దు. లావుగా ఉంది కదా అని అసలే వద్దు.

కొత్త బార్ రెండు చివరలూ పాత జాయింట్ల దగ్గరే కలవాలి. ఇంకో పైపు నడిమధ్యలో ఆనించిన బార్ ఆ పైపును వంచడానికే పనికొస్తుంది. బ్యాక్ స్టే వంపు లేకుండా తిన్నగా సాగాలి, సీటు అడ్డొస్తోందని దాన్ని వంచొద్దు. పైపుకి అడ్డంగా ఉత్త చిల్లు వేసి బోల్టు దూర్చొద్దు. బిగించేకొద్దీ పైపు గోడ లోపలికి నలుగుతుంది. చిల్లులో బుష్ (చిన్న ఉక్కు గొట్టం ముక్క) పెట్టి వెల్డ్ చేయించాకే బోల్టు.

ఇక పని మొదలుపెట్టాక:

- బ్యాటరీ తీగలు విప్పాకే వెల్డింగ్.
- ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే దాన్ని తెలిసినవాళ్లతో తీయించండి. కేజ్ ఉన్న చోట అది ఉండకూడదు.
- డ్రిల్ పెట్టే ముందు కారు కిందికి దూరి చూడండి. బ్రేక్ పైపు, పెట్రోల్ లైను, వైరింగ్ సరిగ్గా కాళ్లు పడే చోటే పోతుంటాయి.
- వెనక కాళ్లు వెల్డ్ చేయాలంటే పెట్రోల్ ట్యాంకు కారులో ఉండకూడదు. ఖాళీ ట్యాంకు కూడా. ఆవిరి చాలు అంటుకోవడానికి.
- జింక్ పూత ఉన్న రేకును గీరకుండా వెల్డ్ చేయొద్దు, ఆ పొగ పీల్చొద్దు.
- పక్కన ఒక మనిషి, చేతిలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. పని అయ్యాక అరగంట అక్కడే ఉండాలి. రేకు అతుకుల్లో పూసిన సీలర్ లోపల్లోపల రాజుకుంటుంది.
- అందం కోసం వెల్డింగ్‌ను గ్రైండర్‌తో అరగదీయొద్దు.
- స్క్రూటినీ వాళ్లకి (పోటీకి ముందు కారును పరీక్షించేవాళ్లకి) చూపించాకే పెయింట్. పెయింట్ కింద పగులు కనబడదు.
- తలకి అందే ప్రతి పైపుకీ ప్యాడింగ్. ఎఫ్‌ఐఏ 8857-2001 లేదా ఎస్‌ఎఫ్‌ఐ 45.1 అని ప్రమాణం గుర్తు ఉన్నది. ఏసీ పైపుకి చుట్టే ఫోమ్ ప్యాడింగ్ కాదు. వేలితో నొక్కితే పైపు తగులుతుంది.
- హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని కూర్చుని కొలవండి. పై పైపుకి కనీసం 5 సెం.మీ. సందు లేకపోతే సీటు దించండి.
- కేజ్ ఉన్న కారును హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడపొద్దు. చిన్న గుద్దుకే తల పైపుకి కొట్టుకుంటుంది.
- వంగిన పైపును వేడి చేసి సరిచేయొద్దు. మార్చేయండి.
- బోల్తా పడిన కారులోంచి తీసిన కేజ్ కొనొద్దు. ఉచితంగా ఇచ్చినా వద్దు.
- ట్రాక్‌కి వెళ్లే ముందు రాత్రి కార్పెట్ ఎత్తండి, టార్చి వేయండి, కాళ్లు చూడండి. ప్లేటు అంచున పెయింట్ పగిలి సన్నగా తుప్పు గీత కనబడితే ఆ రేకు కదులుతోందని అర్థం. ఆ కారును మర్నాడు ట్రాక్ మీదికి దించొద్దు.