విదేశంలో ఉంటూ బంధువుల బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఏం చేయాలి?

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో కూతురో కొడుకో అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆ దంపతులకు సంతానం కలగకపోతే, ‘తమ్ముడి బిడ్డనే పెంచుకోరాదా’ అన్న మాట ఇంట్లో పెద్దవాళ్ల నోట ముందుగా వస్తుంది. మాట కుదిరిన వెంటనే పురోహితుణ్ణి పిలిచి దత్త హోమం చేయించి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత పత్రం రిజిస్టరు చేయించి, ఆ తర్వాత వీసా సంగతి చూద్దామనుకుంటారు. చిక్కు సరిగ్గా అక్కడే పడుతుంది. బిడ్డ దేశం దాటవలసిన దత్తతలో పని మొదలు కావలసింది బిడ్డ ఉన్న ఊళ్లో కాదు, పెంచుకునేవారు ఉన్న దేశంలో.

ముందుగా వరుస చూసుకోవాలి. మనకు పెదనాన్న కొడుకూ అన్నే, చిన్నమ్మ కూతురూ చెల్లెలే. 2015 నాటి బాలల న్యాయ చట్టం మాత్రం బంధువు అన్న మాటను చాలా ఇరుకుగా నిర్వచించింది. బిడ్డకు తల్లి వైపు గానీ తండ్రి వైపు గానీ స్వయానా మేనమామ, మేనత్త, పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ, అవ్వాతాతలు మాత్రమే బంధువుల కిందికి వస్తారు. సొంత తమ్ముడి బిడ్డను బంధు దత్తత కింద తీసుకోవచ్చు గానీ, చిన్నాన్న కొడుకు బిడ్డను తీసుకోవడానికి ఆ దారి లేదు. ఈ ఒక్క విషయం తెలియక నెలల తరబడి కాగితాలు సిద్ధం చేసుకుని, చివరికి నిరాశపడిన వాళ్లను నేను చూశాను. బంధు దత్తతలో పెంచుకునేవారి వయసు పరిమితులు వర్తించవు కనుక, వరుస కుదిరితే నలభై ఐదేళ్లు దాటినవారు కూడా వెనకాడవలసిన పని లేదు.

తర్వాత, ఉంటున్న దేశం ఆ బిడ్డను రానిస్తుందా అన్నది తేల్చుకోవాలి. అమెరికానే తీసుకుందాం. భారత్, అమెరికా రెండూ దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన 1993 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్నాయి. మన దేశం దాన్ని 2003లో ఆమోదించింది. ఆ ఒప్పందం కింద అమెరికా ప్రభుత్వానికి పెట్టవలసిన మొదటి దరఖాస్తు ఐ-800ఎ. దాన్ని అమెరికా పౌరులు మాత్రమే పెట్టగలరు. హెచ్1బీ వీసా మీద ఉన్నవారికీ, గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారికీ ఆ అవకాశం లేదు. పౌరసత్వం లేనివారు దత్తత చేసుకున్న బిడ్డతో రెండేళ్లు కలిసి నివసించి, రెండేళ్లు చట్టబద్ధమైన సంరక్షణలో ఉంచుకున్నట్టు చూపవలసి ఉంటుంది. అంటే ఇద్దరిలో ఒకరు ఉద్యోగం వదులుకుని ఇక్కడికి వచ్చి ఉండవలసిన పరిస్థితి. మరో షరతు మనవాళ్లకు ఇంకా కష్టంగా తోస్తుంది. బిడ్డ కన్నతల్లీ కన్నతండ్రీ ఇద్దరూ ఉంటే, ఆ బిడ్డను సరిగా పోషించగల స్థితి వారికి లేదని తేలాలి. బాగా జరుగుబాటు ఉన్న తమ్ముడు ప్రేమతో ఇచ్చే రెండో బిడ్డ విషయంలో ఇది తేలడం కష్టం. బిడ్డకు పదహారేళ్లు నిండకముందే దరఖాస్తు అందాలన్న నియమమూ ఉంది.

ఇవన్నీ సరిపోతే అక్కడి గుర్తింపు పొందిన దత్తత సంస్థ దంపతుల ఇంటికి వచ్చి హోమ్ స్టడీ చేస్తుంది. ఆదాయం, ఆరోగ్యం, నేర చరిత్ర, దాంపత్యం అన్నీ అందులో రాస్తారు. మన దేశంలో దత్తతలను చూసేది కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ, అంటే అందరూ కారా అనే సంస్థ; ఆ అమెరికా సంస్థ ద్వారానే దాని పోర్టల్‌లో నమోదు జరుగుతుంది. అక్కడ తయారైన కాగితాలకు నోటరీ, ఆ నోటరీ సంతకం వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర తప్పనిసరి.

అప్పుడు పని మన జిల్లాకు వస్తుంది. కారా కోరిన మీదట జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు బిడ్డ ఉన్న ఇంటికి వచ్చి కుటుంబ నేపథ్య నివేదిక తయారు చేస్తారు. ఇక్కడ చిన్న జాగ్రత్త ఒకటి అవసరం. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి, శ్రీకాళహస్తిలోనో చంద్రగిరిలోనో అంతకుముందు పుట్టిన బిడ్డల జనన ధ్రువపత్రాల్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. బిడ్డ ఇప్పుడు ఉంటున్న జిల్లానే లెక్క. దానికి తగ్గ నివాస ఆధారం సిద్ధంగా ఉంచుకోవాలి.

కన్నవారి లిఖితపూర్వక సమ్మతితో పాటు, ఐదేళ్లు నిండిన బిడ్డ సమ్మతి కూడా కావాలి. దీన్ని సంతకం పని అనుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒక ఇంట్లో విచారణకు వచ్చినావిడ అరుగు మీద కూర్చుని ఆరేళ్ల పాపను మాట్లాడించబోతే, ఆ పాప అవ్వ కొంగు వేలికి చుట్టుకుంటూ, ‘అవ్వ కూడా వస్తాదా?’ అని మాత్రమే అడిగింది. అమెరికా, విమానం, కొత్త అమ్మ అన్నీ అప్పటికే చెప్పి ఉన్నారు. అవ్వ రాదన్న మాట ఎవరూ చెప్పలేదు. విచారణ రోజుకు చాలా ముందే, వీడియో కాల్‌లో రోజూ మాట్లాడిస్తూ, ఉన్నది ఉన్నట్టుగా బిడ్డకు చెప్పి ఉంచాలి.

అమెరికా వైపు ఫలానా బిడ్డ కోసం పెట్టే రెండో దరఖాస్తు ఐ-800కు తాత్కాలిక ఆమోదం, ఆపైన బిడ్డను తమ దేశంలోకి రానిస్తామంటూ హేగ్ ఒప్పందం ఐదో అధికరణం కింద ఇచ్చే లేఖ వచ్చేదాకా ఇక్కడ దత్తత పూర్తి చేయకూడదు. ముందు చెప్పిన హోమం చిక్కంతా దీనివల్లనే. నిజానికి 1956 నాటి హిందూ దత్తత చట్టమే దత్త హోమం తప్పనిసరి కాదని చెబుతోంది. ముచ్చట కోసం చేసుకోదలిస్తే అన్ని ఉత్తర్వులూ చేతికి వచ్చాక చేసుకోవచ్చు. ఆ చట్టం కింద ఇప్పటికే దత్తత ముగించినవారికి కారా నుంచి నిరభ్యంతర పత్రం పొందే ఏర్పాటు 2021లో వచ్చింది గానీ, అది అవతలి దేశం వీసాకు హామీ కాదు.

ఆ లేఖ వచ్చాక బిడ్డ ఉంటున్న జిల్లా కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు. విచారణ బహిరంగంగా జరగదు, రెండు నెలల్లో ముగియాలని చట్టం చెబుతోంది. దత్తత కోసం డబ్బు చేతులు మారలేదని కలెక్టరు నిర్ధారించుకుంటారు కాబట్టి, ప్రేమతో ఇచ్చినదైనా సరే, ఆ సమయంలో కన్నవారి ఖాతాలో పెద్ద మొత్తాలు వేయకపోవడం మంచిది. ఉత్తర్వు అందాక కారా నిరభ్యంతర పత్రం, దత్తత హేగ్ ఒప్పందం ప్రకారమే జరిగిందని దాని ఇరవైమూడో అధికరణం కింద ధ్రువపత్రం ఇస్తుంది. కొత్త తల్లిదండ్రుల పేర్లతో జనన ధ్రువపత్రం, ఆ తర్వాత పాస్‌పోర్టు, చివరగా వీసా.

బంధువుల్లో బిడ్డ లేకపోతే కారా పోర్టల్ ద్వారా అనాథ బిడ్డ కోసం నమోదు చేసుకోవచ్చు. ప్రవాస భారతీయులకు ఇక్కడివారితో సమానంగానే ప్రాధాన్యం ఉంటుంది. ఆసుపత్రిలో ఎవరో వదిలేసిన పసికందును ఇప్పిస్తామనే మధ్యవర్తుల దగ్గరికి మాత్రం పోవద్దు. బిడ్డను కొనడం, అమ్మడం ఐదేళ్ల వరకు కఠిన కారాగారం పడే నేరం.

బిడ్డ వెళ్లాక రెండేళ్లపాటు అక్కడి సంస్థ కారాకు నివేదికలు పంపుతుంది, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. వాటి ప్రతులు ఇక్కడ అవ్వాతాతలకు కూడా పంపమని దంపతులను ముందే అడిగి ఉంచండి. బిడ్డ ఎంత ఎత్తు పెరిగిందో, బడిలో ఎలా ఉంటోందో వాటిలో ఉంటుంది.