ఇంటర్వ్యూలో వార్తల ప్రశ్న: ఎక్కడ తడబడతాం, ఎలా సర్దుకోవాలి

సమస్య: "ఈ మధ్య ఆసక్తిగా చదివిన వార్త ఏంటి?" అనగానే బుర్ర ఖాళీ అయిపోతుంది. పొద్దున చూసిన హెడ్‌లైన్ కూడా గుర్తుకు రాదు.

కారణం: టెన్షన్ ఒక్కటే కాదు. ఫోన్‌లో హెడ్‌లైన్లు జరుపుకుంటూ పోయామే తప్ప చదవలేదు. ఒక వార్తను నాలుగు వాక్యాల్లో ఎవరికైనా చెప్పిన అలవాటూ లేదు.

పరిష్కారం: వారం ముందు మూడే మూడు వార్తలు ఎంచుకోండి. అందులో రెండైనా ఆ కంపెనీ రంగానివి కావాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరికి ఇబ్బంది లేదా లాభం, ఈ ఉద్యోగానికి ఏం సంబంధం: ఇంతే. పైకి చెప్పి చూడండి. మనసులో గడగడా వచ్చేది నోరు తెరిస్తే ఎక్కడ ఆగుతుందో అప్పుడే తెలుస్తుంది.

సమస్య: వార్త బాగానే చెప్పారు, ఎదుటివాళ్లు "అయితే?" అన్నట్టు చూశారు.

కారణం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వార్త వాళ్లకీ తెలుసు. దాంట్లోంచి మీరు ఏం పట్టుకున్నారన్నదే వాళ్లు అడుగుతున్నది.

పరిష్కారం: 2024 జూలై 19 సంఘటన తీసుకుందాం. ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు దొర్లి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. మొత్తం విండోస్ కంప్యూటర్లలో అవి 1 శాతం కూడా కావు, అయినా విమానాలు ఆగాయి, ఆసుపత్రుల పని తలకిందులైంది. టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్లినవాళ్లు "అప్‌డేట్‌ను ముందు కొన్ని మెషిన్లకే పంపి, చూసి, తర్వాత మిగతావాటికి పంపాలి" అనవచ్చు. కస్టమర్ సపోర్ట్‌కు వెళ్లినవాళ్లు, కారణం ఇంకా తేలని మొదటి గంటలో జనానికి ఏం చెప్పాలో మాట్లాడవచ్చు. ఆసుపత్రి నిర్వహణకైతే కంప్యూటర్ ఆగినా కాగితం మీద పని నడిపే ఏర్పాటు. వార్త ఒకటే, జవాబులు మూడు. (ఇది పాత సంగతి. నిజానిజాలు తేలిపోయాయి కాబట్టి ఉదాహరణకు తీసుకున్నాను. మీరు మాత్రం ఈ నెలదో పోయిన నెలదో చెప్పండి.)

సమస్య: మాట రాజకీయాల మీదికో యుద్ధం మీదికో మళ్లింది. అడిగినాయన ఏ పక్షమో తెలియదు.

కారణం: కొందరు ఊరికే మాట కలుపుతారు. కొందరు మీరు ఆవేశపడతారేమో చూస్తారు. ఈ రెండిట్లో ఏదో కనిపెట్టడానికి వాళ్ల ముఖాలు చదవకండి, ఆ ఊహ సగం సార్లు తప్పుతుంది.

పరిష్కారం: జరిగిన దాన్ని, మీ అభిప్రాయాన్ని విడివిడిగా చెప్పండి. "రెండు వాదనలూ విన్నానండీ. నేనైతే ముందు ఖర్చు ఎవరి మీద పడుతుందో చూస్తాను" అంటే గోడ మీద పిల్లిలా ఉండదు, గొడవా రాదు. ఎవరికి ఓటేశారని అడిగితే "అది నా వ్యక్తిగతం సార్, పని దగ్గరికి తీసుకురాను" అని నవ్వుతూ చెప్పేయండి. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే, అక్కడ పని ఎలా ఉంటుందో మీకూ కొంత తెలిసినట్టే.

సమస్య: అసలు వినని వార్త అడిగారు. ఇది చిన్న సంగతే. "అది నేను చదవలేదండీ, క్లుప్తంగా చెబితే నాకు తోచింది చెబుతాను" అనండి. తెలిసినట్టు తల ఊపితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. అంకెలూ అంతే, గుర్తులేకపోతే వదిలేయండి.

సమస్య: ఆ కంపెనీ గురించే చెడ్డ వార్త వచ్చింది. ఉద్యోగాలు తీసేశారనో, కేసు పడిందనో.

కారణం: ఎత్తితే కోపం వస్తుందని భయం, ఎత్తకపోతే చదవలేదనుకుంటారని అనుమానం.

పరిష్కారం: వాళ్లు ఎత్తకపోతే చివరిదాకా ఆగండి. "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు, "ఇటీవల వచ్చిన మార్పుల గురించి చదివాను. నేను చేరబోయే టీమ్ పని మీద వాటి ప్రభావం ఎలా ఉంటుందండీ?" అని అడగండి. ఆ తర్వాత మీరు మాట్లాడకండి, వాళ్లను చెప్పనివ్వండి.