జంట కార్బొరేటర్ల పాత కారు – మూడో పాఠం: పెట్రోలు గొట్టాలన్నీ ఒకే రోజు

కిందటి పాఠంలో ట్యాంకు దించి, అడుగున పేరుకున్న తుప్పు కడిగి, మళ్లీ బిగించాం. అందులో ఇంకా పెట్రోలు పోయలేదు కదా? ఈ పాఠం సగానికి వచ్చేదాకా పోయకండి.

మనం నేర్చుకుంటున్నది నా ఎంజీబీ మీద. ఇంగ్లండులో 1962 నుంచి 1980 దాకా తయారైన బండి. 1798 సీసీ ఇంజిన్, దానికి ఎస్.యు. కంపెనీ చేసిన రెండు కార్బొరేటర్లు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించేవి. మన అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ ఇంజిన్‌దీ ఇదే బి-సిరీస్ వంశం. అందుకే నల్గొండలో అంబాసిడర్లు విప్పి చేయి తిరిగిన పెద్ద మెకానిక్‌కు నా బండి బానెట్ ఎత్తి చూపిస్తే, అడగకుండానే సగం సంగతులు చెప్పేశాడు.

ఈ పాఠమంతా ఒక్క మాట కోసమే రాస్తున్నాను: రబ్బరు గొట్టాలు మార్చేటప్పుడు ఒక్కటి కూడా మిగల్చకండి. మూడేళ్ల కిందట నేను మిగిల్చాను. ముందువైపు పొడవాటి గొట్టం పగిలిందని అది మాత్రం మార్చి, రెండు కార్బొరేటర్లను కలిపే చిన్న ముక్క నల్లగా నిగనిగలాడుతోందని వదిలేశాను. హైదరాబాద్ వెళ్తుండగా చిట్యాల దాటాక పెట్రోలు వాసన వచ్చింది. బండి పక్కకు తీసి, తాళం కట్టేసి, బానెట్ ఎత్తాను. ఆ చిన్న ముక్క అడుగున ఒక చుక్క ఊరుతోంది. మెల్లగా బరువెక్కి, సాగి, కిందనున్న రేకు మీద పడి, చూస్తుండగానే ఆవిరైపోయింది. ఆ రేకు వెనకే, ఇంజిన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కాలుతోంది. ఈ బండిలో కార్బొరేటర్లు, ఎగ్జాస్ట్ ఇంజిన్‌కు ఒకే పక్కన ఉంటాయి. ఆ చుక్క రేకు అంచు దాటి పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. ఇంటికి చేరాక ఆ ముక్కను నిలువునా కోశాను. పైన మెరుపు, లోపల ఎండిన చెరువులా నెర్రెలు. వేలితో రాస్తే మసి అంటుకుంది.

పాత రబ్బరు లోపలి నుంచి చెడుతుంది. మన బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఈ కార్లు తయారైన కాలపు రబ్బరు దాన్ని తట్టుకోవడానికి చేసింది కాదు. మెత్తబడి ఉబ్బుతుంది, తర్వాత ఎండి పగులుతుంది. పైగా మన ఎండలు. కాబట్టి బజారులో ‘పెట్రోలు పైపు’ అనగానే చేతికిచ్చిన దాన్ని తెచ్చుకోకండి. గొట్టం మీద అచ్చు వేసిన అక్షరాలు చదవండి. ‘ఎస్.ఏ.ఈ. జె30 ఆర్9’ అని ఉంటే లోపలి పొర ఫ్లోరో రబ్బరుది, ఇథనాల్‌కు తట్టుకుంటుంది. ఆర్6, ఆర్7 రకాలు చవకే గానీ ఈ పనికి నేను వాడను. లోపలి కొలతను పాత గొట్టంతో పోల్చకండి, అది ఉబ్బి ఉంటుంది. అది ఎక్కే ఇనుప పైపును కొలిచి కొనండి.

క్లిప్పుల విషయంలోనూ పిసినారితనం వద్దు. పట్టీకి పొడవునా గాట్లుండే మామూలు క్లిప్పు బిగించే కొద్దీ రబ్బరును కోస్తుంది. అంచులు గుండ్రంగా మడిచి, చిన్న బోల్టుతో బిగించే రకం తీసుకోండి.

ఇక పని. తెల్లవారుజామున, చల్లటి ఇంజిన్ మీద, ఆరుబయట చేయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పల్లానికి దిగి అక్కడే ఉండిపోతుంది. అందుకే మెకానిక్ షెడ్డులోని గుంత ఈ పనికి ప్రాణాంతకం. బ్యాటరీ నుంచి బండి బాడీకి కలిసే తీగ విప్పండి. పొడి రకం అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో పెట్టుకోండి. ఈ రెండూ చేయకుండా స్పానర్ ముట్టవద్దు.

ట్యాంకు నుంచి మొదలుపెట్టి ముందుకు నడవండి. కుడివైపు వెనుక చక్రం దగ్గర ఎస్.యు. కరెంటు పంపు ఉంటుంది. అక్కడి నుంచి ఇనుప పైపు నేల కింద ముందుకు వస్తుంది, ఇంజిన్ గదిలో మళ్లీ రబ్బరు మొదలవుతుంది. వెనుక అమరిక తయారైన ఏడాదిని బట్టి మారుతుంది కనుక ప్రతి రబ్బరు ముక్కకూ సుద్దతో నంబరు వేయండి, కాగితం మీద రాసుకోండి. ఇనుప పైపును గుడ్డతో తుడిచి చూడండి. తుప్పు గుంటలు కనిపిస్తే దాన్నీ మార్చాల్సిందే.

పాత గొట్టాన్ని లాగి పీకకండి. కార్బొరేటర్ మూతకున్న ముక్కు సున్నితమైనది, వంగిపోతుంది. బ్లేడుతో గొట్టాన్ని పొడవునా చీల్చి ఒలిచేయండి, బ్లేడు లోహానికి గీత పెట్టకూడదు. కొత్త గొట్టాన్ని పదునైన కత్తితో ఒక్క వేటున కోయండి. రంపంతో కోస్తే రబ్బరు పొట్టు లోపల మిగిలి, ఏదో ఒక కార్బొరేటర్‌లో పెట్రోలు రాకను ఆపే సూది దగ్గర ఇరుక్కుంటుంది. రెండు కార్బొరేటర్లలో ఒకటి మాత్రమే పొంగితే నేను మొదట అనుమానించేది ఆ పొట్టునే. గొట్టాన్ని పైపు మీద ఉబ్బెత్తు దాటించి, క్లిప్పును ఆ ఉబ్బెత్తు వెనుక బిగించండి. కార్బొరేటర్ల మధ్య ముక్క మరీ బిగుతుగా ఉండకూడదు, ఇంజిన్ అదురుకు లాగేస్తుంది. ఎక్కడా మడత పడకూడదు. ఫిల్టర్ కొత్తది వేసి, దాని మీది బాణం కార్బొరేటర్ల వైపు చూసేలా పెట్టండి. అది ఎగ్జాస్ట్‌కు దూరంగా ఉండాలి.

కార్బొరేటర్ వైపు చివర మాత్రం ఇంకా కలపకండి. ఇప్పుడు ట్యాంకులో అయిదు లీటర్లు పోయండి. ఆ చివరకు పొడవాటి గొట్టం తగిలించి, బండికి దూరంగా పెట్టిన డబ్బాలోకి దించండి. స్పార్కుకు కరెంటు ఇచ్చే కాయిల్‌కు వచ్చే తీగ విప్పి టేపు చుట్టండి. ఇంజిన్ తిరగకుండా తాళం ఆన్‌లో ఉంటే కాయిల్ వేడెక్కి కాలిపోవచ్చు. బ్యాటరీ తీగ కలిపి, తోడున్న మనిషిని తాళం తిప్పమనండి. అర లీటరు వదిలేయండి. ధార బుడగలు లేకుండా వస్తే తాళం కట్టేసి, బ్యాటరీ మళ్లీ విప్పి, చివరి గొట్టం కలపండి.

ఇక చెవులతో పరీక్ష. బ్యాటరీ కలిపి తాళం తిప్పగానే పంపు గబగబా టకటకమంటుంది. కార్బొరేటర్లలో పెట్రోలు నిలిచే రెండు ఫ్లోట్ గిన్నెలూ నిండే కొద్దీ చప్పుడు నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం మీ పనికి మొదటి మార్కు. ఆగకుండా కొట్టుకుంటుంటే మూడు కారణాలు వెతకండి. గిన్నె పొంగు గొట్టం నుంచి పెట్రోలు కారుతుంటే ఆ గిన్నె సూది కూర్చోవడం లేదు. ఏదైనా అతుకు తడిగా ఉంటే అక్కడ కారుతోంది. ఎక్కడా తడి లేకపోతే ట్యాంకుకూ పంపుకూ మధ్య చూడండి. అక్కడి వదులు అతుకు పెట్రోలు కార్చదు, గాలి పీలుస్తుంది. చాలామంది ఇక్కడే పంపు పాడైందనుకుని కొత్తది కొంటారు.

ప్రతి అతుకు కింద తెల్ల గుడ్డ అద్ది చూడండి. ఎండెక్కాక చుక్క పడినా తడి మిగలదు, అందుకే తెల్లవారుజామున అన్నాను. అంతా పొడిగా ఉంటే కాయిల్ తీగ కలిపి ఇంజిన్ పది నిమిషాలు నడపండి, మళ్లీ అద్దండి. నేను అప్పుడు నార్కట్‌పల్లి దాకా వెళ్లి వచ్చి, మర్నాడు చల్లటి ఇంజిన్ మీద క్లిప్పులన్నీ మరోసారి చూసుకున్నాను. కొత్త రబ్బరు అణిగి రెండు క్లిప్పులు వదులయ్యాయి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేసి ఉంచండి. ఒక్కో ఫ్లోట్ గిన్నె అడుగు నుంచి జెట్‌కు, అంటే గాలిలోకి పెట్రోలు వదిలే సన్నటి గొట్టానికి, వెళ్లే నైలాన్ గొట్టం కనిపిస్తుంది. అదీ పెట్రోలు గొట్టమే, ఇవాళ్టి లెక్కలో మనం దాన్ని ముట్టలేదు. టార్చి వేసి చూసి, పసుపుపచ్చగా మారి బిరుసెక్కిందా, గిన్నెలోకి దిగే నట్టు చుట్టూ మరక ఉందా రాసుకోండి. ఆ నైలాన్ గొట్టం జెట్‌తో కలిసే వస్తుంది కనుక, రెండింట్లో ఏది కనిపించినా జెట్లు జతగా తెప్పించుకోండి.